సిటీ పోలీస్ టీమ్: మన బుజుర్గ్‌లు ఆడిన ఫుట్‌బాల్, మనం మరిచిపోయిన తారీఖ్



మన ఇళ్లలో పిల్లలకు ఫుట్‌బాల్ అంటే ఇప్పుడు ముహమ్మద్ సలాహ్. పెనుబల్లిలో గాని, వి.ఎం.బంజర్‌లో గాని, సత్తుపల్లి బస్టాండు దగ్గర గాని ఆ పేరున్న జెర్సీ ఒక్కటైనా కనిపిస్తుంది. గోల్ కొట్టి సజ్దా చేసే ఆటగాణ్ణి చూసి పిల్లలు ఖుష్ అవుతారు, అందులో తప్పేమీ లేదు. కొంచెం శౌఖ్ ఎక్కువ ఉన్నవాళ్లకు కైరోలోని అల్ అహ్లీ క్లబ్ పేరు కూడా తెలుసు. ఆఫ్రికా చాంపియన్స్ లీగ్‌ను ఏకంగా 12 సార్లు గెలిచిన క్లబ్ అది. లెక్క కూడా పిల్లలే చెబుతారు.

అదే పిల్లల్ని “హైదరాబాద్ సిటీ పోలీస్ అంటే ఏంటి బేటా?” అని అడగండి. చలాన్లు రాసేవాళ్లు అంటారు.

1950 నుంచి 1954 దాకా, వరుసగా అయిదేళ్లు, బొంబాయి రోవర్స్ కప్ ఇంటికి తెచ్చిన టీమ్ పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ కప్ 1891లో మొదలైంది. అంత పొడుగు తారీఖ్‌లో వరుసగా అయిదుసార్లు గెలిచినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ టీమ్‌లో నూర్ ముహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ ఉన్నారు. వాళ్ల ఉస్తాద్ ఒక ఉర్దూ బడి పంతులు. ఈ సంగతి మన ఇళ్లలో ఎందుకు లేదు, కైరోలో అల్ అహ్లీ సంగతి ఇంటింటా ఎందుకు ఉంది అనే సవాల్ నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. దానికి నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

కైరోలో ఏం జరిగింది

ముందు ఈజిప్టు ముచ్చట క్లుప్తంగా. అల్ అహ్లీ 1907లో పుట్టింది. అప్పటికి ఈజిప్టు ఇంగ్లీషువాళ్ల కబ్జాలో ఉంది. మంచి క్లబ్బులన్నీ పరాయివాళ్లవే. బడులు, కాలేజీలు చదివిన ఈజిప్టు నౌజవాన్‌లు సాయంత్రం పూట కలుసుకోవడానికి, ఆడుకోవడానికి ఒక జాగా కావాలని ఉమర్ లుత్ఫీ అనే వకీల్‌కు ఖయాల్ వచ్చింది. క్లబ్ మొదటి ప్రెసిడెంట్ మాత్రం ఒక ఇంగ్లీషు అధికారి, మిచెల్ ఇన్నెస్. సర్కారుతో పని నడవాలి కదా, అందుకు. అయితే ఆ పెద్దల్లో సాద్ జగ్లూల్ కూడా ఉన్నాడు. 1919లో ఇంగ్లీషువాళ్లకు ఎదురుగా మొత్తం ముల్క్‌ను నడిపించిన సాద్ జగ్లూల్ పాషానే. 1920ల నడుమకు వచ్చేసరికి ఆ క్లబ్ మెంబర్‌షిప్ ఈజిప్షియన్‌లకే అయింది. ‘అహ్లీ’ అంటేనే మనవాళ్లది, కౌమ్‌ది అని అర్థం.

ఆ క్లబ్‌కు మెంబర్లు ఉన్నారు. చందా కడతారు, ప్రెసిడెంట్‌ను ఓటేసి ఎన్నుకుంటారు. ఇప్పటి ప్రెసిడెంట్ మహమూద్ అల్ ఖతీబ్ ఒకప్పుడు అదే ఎర్ర జెర్సీలో ఆడినవాడు. బాద్షాలు పోయారు, నాసిర్ వచ్చాడు, యుద్ధాలు వచ్చాయి, సర్కార్లు మారాయి, క్లబ్ మాత్రం అక్కడే ఉంది. తాత మెంబర్, తండ్రి మెంబర్, కొడుకు మెంబర్. తారీఖ్‌ను ప్రత్యేకంగా ఎవరూ నేర్పక్కర్లేదు, దస్తర్‌ఖాన్ దగ్గరే తెలిసిపోతుంది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. మన నగరం కథలో ఇది మళ్లీ అవసరపడుతుంది.

నిజాం జమానా

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం గోరా ఫౌజ్ ఆడుతుంటే చూసి మన పిల్లలు నేర్చుకున్నారు. బూట్లు లేవు, వట్టి కాళ్లే. మొహల్లాకో టీమ్, బడికో టీమ్. 1930ల చివరికి సిటీ పోలీస్ డిపార్ట్‌మెంట్ సొంతంగా టీమ్ పెట్టుకుంది. బంతి బాగా ఆడే పేద పిల్లవాడికి అందులో ఒక నౌకరీ దొరికేది. జీతం తక్కువే గాని నెల నెలా వచ్చేది. యూనిఫాం ఉండేది, సాయంత్రం ఆడుకోవడానికి మైదాన్ ఉండేది.

ఈ టీమ్‌ను మొదట తీర్చిదిద్దినవాడు నార్బర్ట్ ఫ్రూవాల్. 1943లో బెంగళూరు ఆష్ గోల్డ్ కప్ ఫైనల్‌లో సిటీ పోలీస్ ఎదుట నిలబడింది ఇంగ్లీషు రాయల్ ఎయిర్ ఫోర్స్ టీమ్. అది జంగ్ జమానా. ఇంగ్లాండ్ పెద్ద ఆటగాళ్లెందరో వర్దీ తొడుక్కుని హిందుస్తాన్‌లో ఉన్నారు. ఆ టీమ్‌లో డెనిస్ కాంప్టన్ ఉన్నాడు. క్రికెట్ తెలిసినవాళ్లకు ఆ పేరు చెప్పక్కర్లేదు. ఆయన ఆర్సెనల్ ఫుట్‌బాలర్ కూడా. అలాంటి టీమ్‌ను చార్మినార్ నీడలో ఆట నేర్చుకున్న పోలీస్ జవాన్‌లు ఓడించి కప్ తెచ్చారు. హైదరాబాద్ అనే ఊళ్లో ఫుట్‌బాల్ ఉందని దేశానికి తెలిసింది అక్కడి నుంచే.

అదే 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా ఒక స్కూలు టీచర్ వచ్చాడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

ఉస్తాద్

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చేశారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో చదువంతా ఉర్దూలోనే సాగేది. తర్వాత టీచర్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇవీ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటలు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆయన కూడా ఆటగాడే. కానీ అల్లా ఆయనకిచ్చిన అసలు హునర్ నేర్పడం.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తారీఖ్ పుస్తకంలో బాబర్ నుంచి ఆసఫ్‌జాహీల దాకా అందరూ ఉన్నారు. ఏ బాద్షా ఏ సన్‌లో తఖ్త్ ఎక్కాడో కంఠస్థం చేయించారు. ఉర్దూ బడిలో చాక్‌పీస్ పట్టుకున్న ఒక మాస్టర్ దేశాన్ని ఒలింపిక్ సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడని మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ఉర్దూ మీడియం అంటే వెనకబాటు అని మన పిల్లలే సిగ్గుపడే రోజుల్లో ఆ ఒక్క పాఠం ఎంత హౌస్లా ఇచ్చేదో ఆలోచించండి.

ఆయన తాలీమ్ ఎలా ఉండేదో చూడండి. పిల్లలకు టోర్నమెంట్ పెట్టేవారు, అందులో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వచ్చిన వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలి. మన పిల్లలకు బంతి దొరికితే నలుగుర్ని తప్పించి వెళ్లాలనే ఉబలాటం ఎక్కువ. దాన్ని తిట్టి మాన్పించలేమని ఆయనకు తెలుసు, అందుకే ఆట ఖానూన్‌నే మార్చేశారు. ఇంకో టోర్నమెంట్‌లో కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే ఆడాలి. బలహీనమైన కాలికి పని చెబితేనే కదా అది బలపడేది! ఇలా ఆడుతూ పెరిగిన కుర్రాడు పోలీస్ టీమ్‌లోకి వచ్చేసరికి రెండు కాళ్లూ సమానంగా ఆడేవి. బంతి ఒక్క తాకుడుతో మనిషి నుంచి మనిషికి వెళ్లేది.

షాగిర్ద్‌ల పట్ల ఆయన ఎలా ఉండేవారో చెప్పడానికి తులసీదాస్ బలరాం కథ ఒక్కటి చాలు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద తమిళ కుటుంబం పిల్లవాడు. రోజూ నగరానికి ప్రాక్టీస్‌కు రావాలంటే సైకిల్ లేదు, బస్సు పైసలు లేవు. రహీం సాబ్ రోజుకో రూపాయి ఇచ్చి కిరాయి సైకిల్ మీద రమ్మన్నారు. ఆ పిల్లవాడు 1956 ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. పంతులు జీతంలోంచి వచ్చిన రూపాయి అది.

కొడుకు విషయంలోనూ ఇన్సాఫ్ అలాగే ఉండేది. సయ్యద్ అబ్దుల్ హకీం రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నారు. కోచ్ సొంత వాలిద్. హకీం సాబ్‌కు అక్కడ ఒక్క మ్యాచ్‌లోనూ ఆడే మౌకా రాలేదు.

ఆ అయిదేళ్లు

1950లో సిటీ పోలీస్ కోచ్ బాధ్యత రహీం సాబ్ తీసుకున్నారు. ఆ సంవత్సరం ఎలాంటిదో తెలియకపోతే ఆ గెలుపుల ఖీమత్ తెలియదు.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. అయిదు రోజుల్లో ఆసఫ్‌జాహీ సల్తనత్ ఖతం. ఆ తర్వాతి నెలల్లో జిల్లాల్లో ఏం జరిగిందో మన బుజుర్గ్‌లు గొంతు తగ్గించి చెప్పేవారు, కొందరు అసలు చెప్పేవారే కాదు. నౌకరీలు పోయినవాళ్లున్నారు. కరాచీకి వెళ్లిపోయినవాళ్లున్నారు. ఊరు, పొలం వదిలి నగరంలో బంధువుల ఇంట్లో తలదాచుకున్నవాళ్లున్నారు. ఉర్దూ సర్కారు జబాన్‌గా పోయింది. ఉస్మానియాలో చదువు ఇంగ్లీషులోకి మారింది. ‘ఇప్పుడు మనమెవరం, ఈ ముల్క్‌లో మన జాగా ఏది’ అనే సవాల్ ప్రతి ఇంట్లోనూ ఉన్న కాలం అది.

‘పోలీస్’ అనే మాట వింటేనే గుండె గుభేలుమనే ఆ రోజుల్లో, అదే మాట జెర్సీ మీద రాసుకుని మన పిల్లలు బొంబాయి వెళ్లారు. 1950 రోవర్స్ కప్ గెలిచారు. అదే సీజన్‌లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్. రెండో ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత దేశ విభజన వల్ల ఆగిపోయిన ఆ టోర్నమెంట్ ఆజాదీ తర్వాత మొదటిసారి జరిగింది అప్పుడే. ఫైనల్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది హైదరాబాద్ సిటీ పోలీస్. అంటే ఆజాద్ హిందుస్తాన్‌లో మొట్టమొదటి డ్యూరాండ్ చాంపియన్ మన టీమ్.

తర్వాత 1951, 52, 53, 54లోనూ రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. 1954లో డ్యూరాండ్ మళ్లీ, 1957లో మళ్లీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నాళ్లకు టీమ్ పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1961లో డ్యూరాండ్, 1960లో రోవర్స్. 1962లో రోవర్స్ ఈస్ట్ బెంగాల్‌తో ఉమ్మడిగా. మొత్తం లెక్క ఇలా ఉంది: డ్యూరాండ్ 4 సార్లు, రోవర్స్ 9 సార్లు. ఇవి కాక రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లో, 1957లో వరుసగా గెలిచింది.

ఇక్కడ ఒక సంగతి సాఫ్‌గా చెప్పుకోవాలి. మన పేర్లు ఎక్కువ కనబడుతున్నాయని దీన్ని ముస్లింల టీమ్ అనుకుంటే గలత్. కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ వేరే. అది మన కౌమ్ పెట్టుకున్న క్లబ్. 1934 నుంచి 38 దాకా వరుసగా అయిదుసార్లు కలకత్తా లీగ్ గెలిచి, 1940లో గోరా పల్టన్‌ను ఓడించి డ్యూరాండ్ గెలిచిన తొలి హిందుస్తానీ టీమ్ అయింది. దాని షాన్ దానిది. సిటీ పోలీస్ మాత్రం నగరం టీమ్. ఫ్రూవాల్, బలరాంలకు అది ఎంత సొంతమో నూర్ ముహమ్మద్‌కు అంతే సొంతం. హైదరాబాదీ తహజీబ్ అంటూ ముషాయిరాల్లో చెప్పుకుంటాం గాని, అది షార్ట్‌లు వేసుకుని పరుగెత్తితే ఎలా ఉంటుందో ఈ టీమ్ చూపించింది.

హెల్సింకి నుంచి జకార్తా దాకా

పోలీస్ టీమ్ ఆట దేశం ఆట అయింది. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్. రహీం సాబ్ తీర్చిన టీమ్ ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి సోనా గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది అక్కడి చలిలో వట్టి కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం సాబ్ ఆ ఓటమి నుంచి ఉత్త చేతులతో రాలేదు. అదే హెల్సింకిలో హంగరీ ఆట చూశారు. సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడితే, అతన్ని కాపలా కాసే డిఫెండర్ ఏం చేయాలో తోచక తికమక పడతాడు. ఆ ఖాళీలోంచి మిగతావాళ్లు దూసుకెళ్తారు. ఈ తర్కీబ్‌ను ఆయన మనవాళ్లకు నేర్పారు. బ్రెజిల్ 1958లో ప్రపంచానికి చూపించిన 4-2-4 పద్ధతికి దగ్గరి ఆటను అంతకు ముందే మన టీమ్‌తో ఆడించారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆ ఒలింపిక్స్‌కు ఈజిప్టు రాలేదు. సూయెజ్ మీద హమ్లా జరిగింది, అందుకు నిరసనగా ఆగిపోయింది. హిందుస్తాన్ వెళ్లింది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మీద 4-2తో ఓడించింది. నెవిల్ డిసూజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ కూడా మనదే, చివరికి 4-1తో ఓడాం. బల్గేరియాతో కాంస్యం మ్యాచ్ కూడా పోయి నాలుగో స్థానం దక్కింది. ఆ టీమ్‌లో హైదరాబాద్, సికింద్రాబాద్ పేర్లు చదవండి: పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ ముహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. ఒక్క నగరం నుంచి ఇంతమంది! ఎనిమిదేళ్ల కిందట ఏ జెండా కింద ఉన్నారో తెలియక బిక్కుబిక్కుమన్న షహర్ పిల్లలు ఇప్పుడు ఆ దేశం జెండా పట్టుకుని నడిచారు.

ఆఖరి మెట్టు జకార్తా, 1962. అప్పటికి రహీం సాబ్‌కు కేన్సర్. ఖాంసీ ఆగేది కాదు. ఆ గేమ్స్‌కు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడం మీద మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో జకార్తా జనం హిందుస్తాన్ మీద గుస్సాగా ఉన్నారు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. స్టేడియం మొత్తం మనకు ఎదురు. ఆ జనంలో మనకోసం చప్పట్లు కొట్టినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు కూడా ఉన్నారని మన ఆటగాళ్లు తర్వాత చెప్పుకునేవారు. లీగ్ మ్యాచ్‌లో ఇదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలతో బంతి ఆపడం కష్టం. రహీం సాబ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఆ కుట్ల తలతోనే ఇంకో గోల్. 2-1. సోనా మనది. గోల్ దగ్గర నిలబడ్డది తంగరాజ్, ఎడమ వైపు బలరాం, నడుమ యూసుఫ్ ఖాన్.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ వెళ్లిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ఆయనకు ఏ పద్మ అవార్డూ రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య 1985లో గాని మొదలవలేదు. 1960 రోమ్ తర్వాత హిందుస్తాన్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు మళ్లీ అర్హత సాధించలేదు. జకార్తా తర్వాత ఏషియన్ గేమ్స్ సోనా మళ్లీ రాలేదు. 2024లో అజయ్ దేవ్‌గన్ ‘మైదాన్’ సినిమా వచ్చాక గాని చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఎందుకు ఆగింది

ఆటగాళ్లు లేక ఆగలేదు. ఆయన పోయాక కూడా ఈ షహర్ ఆటగాళ్లను ఇస్తూనే ఉంది. 1963లో పోలీస్ టీమ్ ఇంకోసారి రోవర్స్ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే చివరిది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన టీమ్ కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ మనవాడే. ముహమ్మద్ హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అని పిలుచుకుంది. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాడు హబీబ్, ఆ మ్యాచ్ 2-2. ఆయన తమ్ముడు అక్బర్, తర్వాత షబ్బీర్ అలీ.

ఈ పేర్లన్నీ మనవే. వాళ్లను తలకెత్తుకున్న క్లబ్బులు మాత్రం కలకత్తావి. హబీబ్ 1966లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. వెళ్లక ఏం చేస్తాడు? అక్కడ పైసలున్నాయి, నిండు స్టేడియాలున్నాయి, రాత్రంతా ఆట గురించి గొడవపడే అభిమానులున్నారు. ఇక్కడ ఉన్నది ఒక డిపార్ట్‌మెంట్.

నా సోచ్ ఏమిటంటే, సిటీ పోలీస్ టీమ్ మూడు కాళ్ల మీద నిలబడింది: రోజ్‌గార్, మైదాన్, ఉస్తాద్. బంతి ఆడే పేద పిల్లవాడికి నౌకరీ ఇచ్చే అధికారులు ఉన్నారు. సాయంత్రం ఆడుకునే ఖాళీ జాగాలు షహర్‌లో ఉన్నాయి. రహీం సాబ్ ఉన్నారు. ఉస్తాద్ 1963లో పోయారు. మైదాన్‌లను పెరిగే షహర్ మింగింది. రోజ్‌గార్ కోసం మంచి ఆటగాళ్లు బ్యాంకులకు, రైల్వేలకు, కలకత్తాకు వెళ్లారు. మూడు కాళ్లూ పోయాక టీమ్‌ను పట్టుకోవడానికి నాలుగోది లేదు. ఆ నాలుగోదే మెంబర్లు. అల్ అహ్లీకి ఉన్నదీ, మనకు లేనిదీ అదే. పోలీస్ టీమ్‌ను నగరం ప్రేమించింది గాని, నగరానికి దాంట్లో హక్ లేదు. ఒక అధికారి సంతకంతో నిలిచిన టీమ్, ఇంకో అధికారికి శౌఖ్ లేకపోతే ఏమవుతుంది?

డిపార్ట్‌మెంట్ టీమ్ అయితే చాలు మునిగిపోతుందని కూడా అనలేం. సలాహ్ ఆట నేర్చుకున్న అల్ ముఖావిలూన్ క్లబ్ కైరోలో ఒక కట్టడాల కంపెనీది, 1973లో పెట్టారు. అది ఇవాళ్టికీ ఉంది, పిల్లలకు నేర్పుతూనే ఉంది. పల్లెటూరి పిల్లవాడు బస్సులు మారుతూ వచ్చినా తలుపు తెరిచి ఉంచింది. రహీం సాబ్ ఇచ్చిన సైకిల్ రూపాయి కూడా అలాంటి తలుపే. కాకపోతే అది ఒక మనిషి జేబులో ఉండింది, ఆ మనిషితోనే పోయింది.

ఈమధ్యది కూడా చూద్దాం. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. ఎన్నో ఏళ్ల తర్వాత హైదరాబాద్ పేరు ఒక పెద్ద కప్ మీద పడింది. మూడేళ్లు తిరిగేసరికి మాలిక్‌లు మారారు, 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. నగరాన్ని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు, అది నగరం సొత్తు కాదు కాబట్టి.

మనం చేయగలిగింది

పెనుబల్లిలో కూర్చుని నేను ఫుట్‌బాల్ క్లబ్ పెట్టమని చెప్పడం లేదు. ఇక్కడ మన పిల్లలు వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ ఆడతారు, ఆడనివ్వండి. కానీ రహీం సాబ్ పద్ధతికి ఖర్చేమీ లేదు. అసర్ తర్వాత మగ్రిబ్ దాకా ఒక గంట, బడి గ్రౌండ్, ఒక బంతి. డ్రిబ్లింగ్ లేని ఆట ఒక వారం, ఎడమకాలి ఆట ఇంకో వారం. మన మస్జిద్ కమిటీలు ఎండాకాలం సెలవుల్లో దీనియాత్ క్లాసులు పెడుతున్నాయి, మాషా అల్లా. ఆ పిల్లలకే సాయంత్రం ఈ ఆట ఆడిస్తే, పక్క వీధి పిల్లల్ని కూడా పిలిస్తే, బంతి పక్కవాడికి ఇవ్వడం నేర్చుకుంటారు. ఫుట్‌బాల్‌కే కాదు, బతుక్కి కూడా పనికొచ్చే తర్బియత్ అది.

ఇంకో పని అర్జెంటుగా చేయాలి. ఈ తారీఖ్‌ను నోటితో చెప్పగలిగినవాళ్లు వెళ్లిపోతున్నారు. జుల్ఫికరుద్దీన్ సాబ్ 2019లో పోయారు. అహ్మద్ హుసేన్ సాబ్, హకీం సాబ్ ఇద్దరూ 2021లో. బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ సాబ్ అదే ఏడాది ఆగస్టు 15న. అల్లా మర్హూమ్‌లకు మగ్ఫిరత్ నసీబ్ చేయాలి. బలరాం ఆత్మకు శాంతి కలగాలి. మెల్‌బోర్న్, రోమ్, జకార్తా మైదానాల్లో నిలబడ్డవాళ్లను అడిగి తెలుసుకునే వఖ్త్ దాదాపు అయిపోయింది.

మిగిలింది ఇళ్లలో ఉన్న కాగితం. నగరంలో పోలీస్ నౌకరీ చేసి ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం వైపు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. నగరంలో మేనమామలు, ఖాలాలు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఎవరి ఇంట్లోనైనా పాత టీమ్ ఫోటో, షీల్డ్, ఉర్దూ అఖ్‌బార్ కత్తిరింపు ఉంటే దాన్ని పెట్టెలోంచి తీయండి. ఫోటోలో నిలబడ్డవాళ్లు, కూర్చున్నవాళ్లు ఎవరెవరో ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడగండి. వెనకవైపు పెన్సిల్‌తో పేర్లు రాయండి, ఎడమ నుంచి కుడికి, ఉర్దూలోనూ తెలుగులోనూ. దాదా పేరు ఉర్దూలో ఉంటే మనవడు చదవలేని రోజులివి. తర్వాత ఫోన్‌తో రెండు వైపులా ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపండి. నాకూ పంపండి, ఆ పేర్లతో సహా ఇక్కడ రాస్తాను. ఇన్షా అల్లా.